అటెన్షన్ అనే మాట

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థుల తరఫున ఏదైనా రాసి ఇమ్మని తమ్ముళ్ళు అడిగారు. హాస్టలు జీవితం, క్రమశిక్షణ, గురువుల గొప్పతనం మీద రాసేవారు ఏటా ఉంటారు. అందుకని మేము నలుగురం కూర్చుని మాట్లాడుకుని, ఒకే ఒక్క ఇంగ్లీషు మాట మీద రాద్దామని నిర్ణయించుకున్నాం. ఆ మాట "అటెన్షన్". పోయినసారి హాస్టలుకు వచ్చినప్పుడు పదో తరగతి తమ్ముడొకడు, "అన్నా, ఇంగ్లీషు మాటకు అర్థం బట్టీపట్టినా వాక్యంలో పెట్టేటప్పటికి తప్పు పోతాంది, ఎట్లా?" అని అడిగాడు. ఈ నాలుగు పేజీలు అతనికి జవాబు అనుకోండి.

అటెన్షన్ అనే మాటను మేము మొదట పుస్తకంలో చదవలేదు. ఎండలో నిలబడి విన్నాం. ఆగస్టు 15, జనవరి 26 దగ్గరపడుతుంటే నల్లచెరువు బడి ఆవరణలో పి.టి. సారు మమ్మల్ని వరసల్లో నిలబెట్టి "స్కూల్, అటెన్షన్!" అని అరిచేవారు. మడమలు కలపాలి, పిడికిళ్ళు తొడలకు ఆనించాలి, చూపు నేరుగా ఉండాలి. ఆ తర్వాత "స్టాండెటీజ్". ఆరో తరగతి పిల్లలకు తెలిసిన అర్థం అదే: అటెన్షన్ అంటే కదలకుండా నిలబడటం. ఈగ ముక్కు మీద వాలినా కదలకూడదు. మనసు ఏం చేస్తుందో ఎవరూ అడగరు. నిజం చెప్పాలంటే అటెన్షన్‌లో నిలబడ్డప్పుడే మా మనసులు బాగా ఊళ్ళు తిరిగేవి.

ఎన్.సి.సి. పెరేడ్‌లో ఇదే ఆజ్ఞను హిందీలో "సావధాన్" అంటారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. మన తెలుగులోనూ సావధానం ఉంది. కానీ మన ఇళ్ళలో "సావధానంగా కూర్చుని మాట్లాడుకుందాం" అంటే తొందర లేకుండా, నెమ్మదిగా అని. హిందీ బోర్డు మీద "సావధాన్" అని ఉంటే ప్రమాదం ఉంది, జాగ్రత్త అని. పెళ్ళిలో పురోహితుడు "సావధాన" అన్నప్పుడు అందరూ అక్షింతలు పట్టుకుని ముందుకు జరుగుతారు. మాట ఒకటే. ఒకచోట బిగుసుకుని నిలబడమంటుంది, ఒకచోట నిదానించమంటుంది. మాకైతే మన తెలుగు అర్థమే నచ్చింది. కంగారులో ఉన్నవాడికి ఏదీ సరిగా కనబడదు గదా.

ఇంగ్లీషు క్లాసులో ఈ మాట ఇంకో వేషంలో వచ్చింది. "పే అటెన్షన్" అన్నారు మేడమ్. "పే" అంటే డబ్బు కట్టడమని మాకు అప్పటికే తెలుసు. కూలి డబ్బులు, కరెంటు బిల్లు, బ్యాంకు కిస్తీ, ఇవన్నీ కట్టేవి. శ్రద్ధను కూడా కట్టాలా అని ఒకడు అడిగితే మేడమ్ నవ్వి, ఇంగ్లీషువాళ్ళకు అది బాకీ లాంటిదిరా అన్నారు. ఆ తర్వాత మేము గమనించినదేమంటే, ఒక్కో భాష దీనికి ఒక్కో క్రియ వాడుతుంది. హిందీలో ధ్యాన్ "ఇస్తారు". బెంగళూరు పనులకు పోయినవాళ్ళకు తెలిసిన కన్నడంలోనూ గమన "కొడి" అంటారు, అంటే ఇవ్వండి అని. ఫ్రెంచివాళ్ళు అటెన్షన్‌ను "చేస్తారు". స్పానిషువాళ్ళు "అప్పు ఇస్తారు". మరి మనం? మనం పెడతాం. మనసు పెట్టు, శ్రద్ధ పెట్టు, ధ్యాస పెట్టు, దృష్టి పెట్టు. అన్నం పెట్టు అన్నప్పుడు వాడే క్రియే ఇదీ. హాస్టల్లో పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడినవాడికి "పెట్టు" అనే మాట బరువు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక వాడుక. తెలుగులో "పాఠం మీద శ్రద్ధ" అంటాం కాబట్టి ఇంగ్లీషులోనూ "పే అటెన్షన్ ఆన్ ద లెసన్" అని రాసేస్తాం. తప్పు. "టు ద లెసన్" అనాలి. ఎందుకు "టు" అంటే, మాట పుట్టుకలోనే ఆ "టు" ఉంది. లాటిన్ భాషలో "అడ్" అంటే వైపు, "టెండెరే" అంటే చాచడం, సాగదీయడం. రెండూ కలిసి "అటెండెరే" అయింది. అంటే ఒకదాని వైపు మనసును చాచడం. చెయ్యి చాచినట్టు, మెడ చాచి బావిలోకి చూసినట్టు. వైపు అన్నాక "టు" రావాల్సిందే. ఇది ఒక్కసారి పట్టుబడితే బట్టీ అక్కర్లేదు.

ఆ "చాచడం" నుంచే ఎన్ని మాటలు పుట్టాయో చూడండి. గుడ్డను చాచి కడితే టెంటు. తాడును లాగి బిగిస్తే టెన్షన్. మన తెలుగు పిల్లలు రోజుకు పదిసార్లు వాడే ఇంగ్లీషు మాట ఈ టెన్షనే. అటెన్షన్‌లో టెన్షన్ దాగి ఉందని పరీక్షల ముందు మాలో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది. మళ్ళీ "అటెండ్" అనే క్రియ ఉంది. దీంతోనే జాగ్రత్త. "అటెండ్ ద క్లాస్" అంటే క్లాసుకు హాజరు కావడం, ఇక్కడ "టు" ఉండదు. "అటెండ్ టు ద పేషెంట్" అంటే రోగిని చూసుకోవడం, ఇక్కడ "టు" ఉంటుంది. చిన్న "టు" వచ్చేసరికి హాజరు కాస్తా సేవ అయిపోయింది. ఫ్రెంచిలో ఇదే వేరు నుంచి వచ్చిన "అటాండ్ర్" అనే క్రియకు ఎదురుచూడటం అని అర్థం. చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి, ముందు పని ఉంది.

మా పదో తరగతి రోజుల్లో, అంటే 2003, 2004 ప్రాంతంలో, మాతో ఒక నేస్తం ఉండేవాడు. వాడి పేరు రాయవద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. వాడి ఊరు నల్లచెరువుకు ఏడెనిమిది కిలోమీటర్ల దూరం. శెనిక్కాయ పంట వరసగా పోయి, వాళ్ళమ్మా నాయనా చిన్న బిడ్డను తీసుకుని బెంగళూరుకు బేల్దారి పనికి పోయారు. ఆదివారం పది గంటలకు బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతుకు ఫోన్ చేస్తామని చెప్పి పోయారు. వాడు తొమ్మిదికే పోయి బూతు ముందర బండ మీద కూర్చునేవాడు. మొదట్లో ఫోన్ వచ్చేది. దీపావళి దాటాక రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం కూడా రాలేదు.

ఆ వారం క్లాసులో వాడిని ఎన్నిసార్లు లేపారో లెక్కలేదు.

"ఏమిరా, యాడుండావు?"

"ఈడే ఉండా సార్."

రోజూ రాత్రి హాస్టల్లో హాజరు పిలిచేటప్పుడూ "ఎస్ సార్" అనేవాడు. రిజిస్టరులో వాడికి ఒక్క గైర్హాజరు కూడా లేదు. చదువులో వెనకబడినవాళ్ళకు స్పెషల్ అటెన్షన్ అని అప్పట్లో ఒక జాబితా తయారు చేసేవారు. వాడి పేరు అందులోకి ఎక్కింది. స్పెషల్ అటెన్షన్ అంటే సాయంత్రం ఇంకో గంట కూర్చోబెట్టి అవే లెక్కలు ఇంకోసారి చేయించడం. లెక్కలు చేయించినవాళ్ళది మంచి ఉద్దేశమే. కానీ వాడి అటెన్షన్‌కు లోటు లేదు. అదంతా బెంగళూరు వైపు చాచి ఉంది, అంతే. గంట ఎక్కువ కూర్చోబెడితే అది వెనక్కి వస్తుందా?

ఈ విషయం పట్టుకున్నది మా వంట పెద్దమ్మ. ఆమెకు చదువు లేదు. వడ్డించిన గిన్నెలు ఎత్తేటప్పుడు ఏ పళ్ళెంలో ఎంత మిగిలిందో మాత్రం చూసేది. ఒకరోజు వార్డెన్ సారు దగ్గరికి పోయి చెప్పింది: "ఆ పిల్లోడు మూడు దినాల నుంచి సగం అన్నం ఇడిచిపెడతాండాడు సార్. వాని పానం ఈడ లేదు. ఒకతూరి పిల్చి అడుగుండి."

సారు పిలిచి అడిగారు. ఆ సాయంత్రమే బూతుకు తీసుకుపోయి, మేస్త్రీ ఉండే వీధిలో అంగడి నంబరుకు ఫోన్ చేయించారు. వాళ్ళమ్మ సెంట్రింగ్ మీదనుంచి జారిపడి కాలు విరిగిందని, పెద్దాసుపత్రిలో ఉందని తెలిసింది. చదువు చెడుతుందని కొడుక్కి చెప్పలేదట. నాయన పనికి పోకపోతే తిండి జరగదు, చెల్లెలు చిన్నది, ఆమె దగ్గర ఉండేవాళ్ళు లేరు. వార్డెన్ సారు బస్సు చార్జీ తన జేబులోంచే ఇచ్చి మరునాడు కదిరిలో బెంగళూరు బస్సు ఎక్కించారు.

వాడు తొమ్మిది రోజులు ఉండి వచ్చాడు. వచ్చేటప్పుడు జేబులో ఒక పసుప్పచ్చ చీటీ తెచ్చాడు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన పాసు అది. దాని మీద "అటెండర్" అని ఇంగ్లీషులో ఉంది. మాకు అప్పటికి అటెండర్ అంటే బడిలో గంట కొట్టి, నోటీసు పుస్తకం క్లాసు క్లాసుకూ తిప్పే మనిషి. "రోగి దగ్గర ఉండి చూసుకునేవాణ్ణి అటెండర్ అంటారంట" అని వాడు చెప్పాడు. రాత్రుళ్ళు మంచం కింద గోనెపట్ట పరుచుకుని పడుకున్నానని, అమ్మ చెయ్యి కదిలినా మెలకువ వచ్చేదని చెప్పాడు. ఇంగ్లీషు మేడమ్ ఆ చీటీ చూసి, బోర్డు మీద అటెండ్, అటెండెన్స్, అటెండర్, అటెన్షన్ అని నాలుగు మాటలు ఒకదాని కింద ఒకటి రాశారు. ఇంతకుముందు చెప్పిన వ్యుత్పత్తి ఆమె ఆరోజు చెప్పిందే. బడి రిజిస్టరులో మాత్రం ఆ తొమ్మిది రోజులూ వాడి పేరు ఎదుట "ఏ" అని పడింది.

మార్చిలో వాడూ మాతోపాటే పాసయ్యాడు. ఈ వ్యాసం రాయడానికి కూర్చున్న నలుగురిలో వాడొకడు. చీటీ సంగతి రాయమన్నదీ వాడే.

ఇది తలచుకున్నప్పుడల్లా మాకు "పరాకు" అనే మన మాట గుర్తొస్తుంది. పరాకుగా ఉన్నాడు అంటే ధ్యాస లేకుండా ఉన్నాడని. కానీ రాజుల సభల్లో "బహుపరాక్" అని కేకవేసేది అందరూ జాగ్రత్తగా ఉండండి అని చెప్పడానికి. ఒకే మాట అటు ధ్యాస లేనివాడికీ, ఇటు ధ్యాస పెట్టమనడానికీ చెల్లింది. పైకి విరుద్ధంగా ఉంది కానీ మాకు ఆశ్చర్యం లేదు. పరాకుగా ఉన్నవాడి ధ్యాస చచ్చిపోదు. ఇక్కడ లేదు, అంతే. గమనించు అనే మాటలోనూ ఇదే ఉంది. గమనం అంటే నడక. కన్నడంలో మాత్రం గమన అంటే నేరుగా శ్రద్ధే. తమిళంలో కవనం అంటారు. మదనపల్లె వైపు మనవాళ్ళు "గెవనముండాదా?" అంటే గుర్తుందా అని. ఇవన్నీ ఒక ఇంటి మాటల్లాగానే మాకు తోస్తాయి. ఇంగ్లీషువాడి మనసు చాచుకుంటే మన మనసు నడిచి పోతుంది. నడిచి పోయినదాన్ని ఎక్కడికి పోయిందని అడగాలి గానీ ఎందుకు లేదని కొడితే ఏం లాభం?

వాన సంగతి చూడండి. దేశంలో అతి తక్కువ వానలు పడే జిల్లాల్లో మన పాత అనంతపురం ఒకటి. ఏడాది మొత్తం సగటు 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అటువంటి చోట జూన్, జులైలో పాఠం జరుగుతుండగా మబ్బు పడితే ఏమవుతుంది? పిల్లలందరి తలలూ కిటికీ వైపు తిరుగుతాయి. బయటివాళ్ళు చూస్తే ఇది అశ్రద్ధే. మాకు తెలుసు, ఒక్కొక్కడూ వాళ్ళ చేను చూస్తున్నాడని. విత్తనం పడిందా లేదా, నాయన ఎవరి ఎద్దులు అడిగి ఉంటాడు, అప్పు తెచ్చి కొన్న విత్తనకాయలు మూటలో ఎన్నాళ్ళుంటాయి, ఇవన్నీ ఆ చూపులో ఉంటాయి. మా సైన్సు సారు ఒకాయన మబ్బు పడితే పుస్తకం మూసి, కిటికీ దగ్గరికి రమ్మని, నైరుతి రుతుపవనాల పాఠం అప్పుడు చెప్పేవారు. ఆ పాఠంలో ప్రశ్న వస్తే మాలో ఎవరూ వదిలిపెట్టలేదు.

"నోటీసు" అనే మాటకూ మన ఊళ్ళలో ఇలాంటి గతే పట్టింది. ఇంగ్లీషులో "నోటీస్" అంటే గమనించు అని హాయిగా వాడతారు. మన ఇళ్ళల్లో నోటీసు వచ్చిందంటే బ్యాంకు నుంచి వచ్చిందని అర్థం. ఎవరైనా మనల్ని నోటీస్ చేశారంటే భయపడాల్సిన పనిలేదని మాకు కాలేజీకి పోయాక గానీ అలవాటు కాలేదు.

శ్రద్ధ అనేదాన్ని ఒక కళగా పెంచుకున్న భాష మనది. దాని పేరే అవధానం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి అడుగుతుంటే ఒక్కడే అన్నింటినీ మనసులో పెట్టుకుని పద్యాలు పూరించాలి. మధ్యలో ఒకాయన గంట కొడుతుంటాడు, ఎన్ని గంటలు కొట్టాడో చివర్లో చెప్పాలి. ఇంకొకాయన పని సంబంధం లేని మాటలతో ధ్యాస చెడగొట్టడమే. దాన్ని అప్రస్తుత ప్రసంగం అంటారు. తిరుపతి వేంకట కవులు ఈ విద్యను ఊరూరా తిప్పి పేరు తెచ్చారు. మా హాస్టలు స్టడీ అవర్‌కూ దీనికీ పెద్ద తేడా లేదు. చెవిలో దోమ, వంటింట్లో తాలింపు వాసన, రోడ్డు మీద మదనపల్లె బస్సు హారను, పక్కవాడి అప్రస్తుత ప్రసంగం, అన్నం గంట ఇంకా ఎంతసేపో అనే లెక్క. ఇన్నింటి మధ్య త్రికోణమితి. పద్యాలు మాత్రం రాలేదు.

ఒకరి శ్రద్ధ ఎంతదూరం పని చేస్తుందో తెలుసుకోవాలంటే మన పక్కనే గాండ్లపెంట మండలం కటారుపల్లెకు పోయి చూడండి. వేమన సమాధి అక్కడే. ఆ పద్యాలు జనం నోళ్ళలో బతికే ఉన్నాయి. కానీ పండితులు వాటిని పట్టించుకోవడం తక్కువ. తెల్లదొర సి.పి. బ్రౌన్ వాటి వైపు మనసు చాచి, తాటాకు ప్రతులు తెప్పించి, పాఠాలు సరిచూసి, ఇంగ్లీషు చేసి 1829లో అచ్చువేయించాడు. 1852లో ఆయన తెలుగు - ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. ఆయన కడపలో కొలువు చేసిన కాలానికి మన కదిరి సీమ కడప జిల్లాలోనే ఉండేది. 1910లో అనంతపురంలో కలిపారు. 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. జిల్లాలు మారినా కటారుపల్లె కదల్లేదు. మేము హాస్టల్లో ఉండగా ఒక ఆదివారం సైకిళ్ళ మీద అక్కడికి పోయాం, మధ్యలో రెండు సైకిళ్ళకు గాలిపోయింది.

ఇప్పటి తమ్ముళ్ళకు మాకు లేని ఇంకో పృచ్ఛకుడు దొరికాడు, ఫోను. బూతు ముందర మూడు ఆదివారాలు కూర్చునే బాధ తప్పింది, అది మంచిదే. ఇప్పుడు అమ్మ ముఖం చూస్తూ మాట్లాడవచ్చు. కానీ ఆ ఫోను తయారుచేసే కంపెనీలకూ, అందులో బొమ్మలు చూపించే కంపెనీలకూ కావలసింది మన అటెన్షనే. మనం ఎంతసేపు చూస్తే వాళ్ళకు ప్రకటనల మీద అంత రాబడి. "పే అటెన్షన్"లో ఆ "పే" ఏమిటని అడిగిన మా క్లాసువాడు ఇప్పుడు ఆ ప్రశ్న అడిగితే మేడమ్ ఇంకోరకంగా చెప్పి ఉండేవారు.

మొన్న సంక్రాంతికి మేము నలుగురం ధర్మవరం జంక్షన్‌లో కలుసుకున్నాం. మైకులో తెలుగులో "దయచేసి వినండి" అన్నారు. హిందీలో ధ్యాన్ ఇమ్మన్నారు. ఇంగ్లీషులో "యువర్ అటెన్షన్ ప్లీజ్" అన్నారు. మన తెలుగు ఎంత సూటిగా ఉంది, ధ్యానమూ గీనమూ లేకుండా వినమంది అంతే, అని మేము ముగ్గురం మాట్లాడుకుంటూ నిలబడ్డాం. నాలుగోవాడు ఫోనులో ఏదో చూస్తున్నాడు. మూడు భాషల్లో చెప్పినా తలెత్తలేదు. రైలు అవతలి ప్లాట్‌ఫారం మీదికి వస్తోందంట లేరా అని భుజం పట్టుకుని లేపాం. నలుగురం మెట్ల వంతెన మీద పరుగు.